జానెడు పొగాకు తాడు

మాసన్ లేక్స్

ఆస్ట్రేలియాలో చదువుకున్న రోజుల్లో నేను చేసిన ఒకే ఒక్క పెద్ద ప్రయాణంలో సముద్రం లేదు. కంగారూలున్నాయి గానీ, చచ్చి రోడ్డు పక్కన పడున్నవే ఎక్కువ. అడిలైడ్ నుంచి టూవూంబా దాకా, ఎర్ర మట్టి తప్ప ఇంకేమీ లేని దారిలో, ఒక ముసలాయనతో కారులో వెళ్ళాను. ఆయన నోట్లో పైపు, నా ఒళ్ళో జామ్ సీసా. సీసాలో పొగాకు తాడు.

ఆ తాడు సంగతి ముందు చెప్పాలి. పొగాకు ఆకుల్ని ఒకదాని మీద ఒకటి వేసి పురి పెట్టి పేనితే వచ్చేది. నల్లగా నూనె రాసినట్టుంటుంది, చిటికెన వేలంత లావు. మా ఇంటి ఓనరు లెన్ దాన్ని చిన్న కత్తితో చక్రాల్లా కోసి, అరచేతుల మధ్య నలిపి, పేపరు మీద ఆరబెట్టి, అప్పుడు పైపులో కూరేవాడు. లెన్‌కి ఎనభై దగ్గరపడ్డాయి. ఇంగ్లండ్ ఉత్తరాన పుట్టి, చిన్నతనంలోనే ఓడలో ఇక్కడికి వచ్చిన మనిషి. వాళ్ళ నాన్న, తాత కూడా ఈ తాడే కాల్చేవారట. అడిలైడ్ శివారు మాసన్ లేక్స్‌లో తన ఇంటి వెనక గది నాకు అద్దెకిచ్చాడు. ఆ గదిలో దిగిన రోజు సాయంత్రం షెడ్డులోంచి పొగ వచ్చింది. నేను పుస్తకాల పెట్టె విప్పుతూ విప్పుతూ ఏడ్చేశాను. అది అచ్చం మా అమ్మమ్మ చుట్ట వాసన.

మాది పాలకొండ దగ్గర పల్లె. మా అమ్మమ్మ అడ్డపొగ కాలుస్తుంది. అంటే చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని, చల్లగా ఉన్న చివర బయటికి ఉంచుతుంది. మా వైపు ఆడవాళ్ళకు అదే అలవాటు. నాట్లు వేసేటప్పుడు వానకి నిప్పు ఆరదు, చేతులతో పట్టుకోవక్కర్లేదు, నుసి నారు మీద పడదు. చిన్నప్పుడు పొయ్యిలోంచి చుట్ట ముట్టించి తెచ్చే పని నాది.

తాతయ్య పోయాక టూవూంబాలో డాక్టరుగా ఉన్న మా మావయ్య ఆవిడని తన దగ్గరకు తెచ్చుకున్నాడు. కొన్నేళ్ళు ఇండియా నుంచి వచ్చేవాళ్ళచేత నాలుగేసి చుట్టలు తెప్పించుకుని వెనక దొడ్లో కాల్చుకునేది. తర్వాత అంగిట్లో పుండు లేచింది. అది ఏ పుండో మావయ్యకి చూసిన క్షణంలోనే తెలుసు. అంగిలి కోసి తీసెయ్యాలన్నారు. అమ్మమ్మ ససేమిరా అంది. మావయ్య బతిమాలాడు, అత్తయ్య బతిమాలింది, మా అమ్మ పాలకొండ నుంచి ఫోన్లో ఏడ్చింది. చివరికి నన్ను మాట్లాడమన్నారు.

"అంగిలి కోసేత్తే ఇంక తిండేటి, మాటేటి? నానెల్లనే గుంటా," అంది అమ్మమ్మ.

"మరి నీకేం కావాలి?"

"ఒక్క సుట్ట. నాలుగు నెల్లయింది, మీ మావఁయ్య ముట్టనివ్వట్లేదు. కరువుదీరా ఒక్కటి కాల్సుకున్నాక మీరేటి సేసినా సరే."

అడిలైడ్‌లో చుట్ట ఎక్కడ దొరుకుతుంది? ఇండియన్ షాపుల్లో అడిగితే నన్ను పైకీ కిందికీ చూశారు. సిగరెట్ల దుకాణంలో సిగార్లు ఉన్నాయి. ఒక్కోదాని ధరకి నాకు వారం కూరగాయలొస్తాయి. ఆ సంగతి లెన్‌తో చెప్పి తిట్టుకుంటుంటే, ఆయన పొగాకు సీసా మూత తీశాడు.

"ఇంగ్లండ్ నుంచి ఇక రానివ్వట్లేదు. ఇదే ఆఖరిది," అన్నాడు. "మీ నాన్‌కి ఎంత కావాలో కోసుకో, లవ్." వాళ్ళ భాషలో నాన్ అంటే అమ్మమ్మ, లవ్ అంటే మనం తల్లీ అన్నట్టు.

ఆయన చెల్లెలు కూడా టూవూంబాలోనే ఉంటుంది. ఏటా వెళ్ళొస్తాడు. ఈసారి కంటికి ఆపరేషనయ్యాక ఒంటరిగా కారు నడపొద్దని పిల్లలు కట్టడి చేశారు. నాకు లైసెన్సుంది, విమానం టికెట్టుకి డబ్బుల్లేవు, అందుకని వంతులేసుకుని నడుపుతూ కలిసి వెళ్దామనుకున్నాం. మా అమ్మకి చెబితే, "ఎవడో ముసిలాడితో రోజులకి రోజులు కారులోనా? నీకేమైనా పిచ్చి పట్టిందేటే?" అంది. పొగాకు సంగతి అమ్మకి చెప్పలేదు. పుండు పుట్టించిన పొగాకునే లంచంగా పట్టుకెళుతున్నానని ఏ నోటితో చెప్పను?

బ్రోకెన్ హిల్

ఊరి నడిబొడ్డున నల్లటి కొండ. అది నిజం కొండ కాదు. నూరేళ్ళ పైగా గనిలోంచి తవ్వి పోసిన చెత్త. ఆ చెత్త నీడలోనే బళ్ళు, చర్చిలు, బట్టల కొట్లు. చూడగానే నాకు దిగులేసింది. లెన్‌కి మాత్రం ఆ ఊరంటే ప్రాణం, కుర్రతనంలో కొంతకాలం అక్కడ గనిలో చేశాడట.

ఒక పబ్ వెనక పెరట్లో కూర్చున్నాం. నేను బర్గర్ తెప్పించుకుంటే అందులో బీట్‌రూట్ ముక్క వచ్చింది. పొరపాటున పడిందేమో అనుకుని తీసి పక్కన పెట్టాను. లెన్ నొచ్చుకున్నాడు, అసలు రుచంతా దానిదేనట. అంత మాట అన్నవాడు, దారికని నేను కట్టుకొచ్చిన పులిహోర మీద టొమాటో సాస్ పోసుకుని తిన్నాడు. నేను తల తిప్పుకున్నాను.

పైపు వెలిగించగానే పక్క బల్ల మీది ఇద్దరమ్మాయిలు గ్లాసులు పట్టుకుని లేచిపోయారు. లోపల్నుంచి మాత్రం ఒక ముసలాయన దగ్గుతూ, కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. అడక్కుండానే మా బల్ల దగ్గర కూర్చున్నాడు. గనిలో పనిచేసి ఊపిరితిత్తులు పాడు చేసుకున్న మనిషి. పొగ తాగితే చస్తావని డాక్టరు చెప్పాడట.

"నా వైపు ఊదు," అన్నాడు లెన్‌తో.

"నీ డాక్టరొచ్చి నన్ను తంతాడు."

"ఆయన సిడ్నీ వెళ్ళిపోయాడులే. ఊదు."

లెన్ ఊదాడు. ఆయన కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. దగ్గొచ్చినప్పుడు దగ్గాడు, ఆగాక మళ్ళీ ఊదమన్నాడు. పైపు చల్లారాక కర్ర అందుకుని లేచాడు. వెళుతూ లెన్ భుజం మీద చెయ్యేసి, వాళ్ళ నాన్న చొక్కాకి ఈ వాసనే ఉండేదన్నాడు.

విల్కానియా

ఇక్కడ డార్లింగ్ నది మీద పాత ఇనప వంతెన ఉంది. నది అంటే పెద్ద నది అనుకోకండి. మేం వెళ్ళినప్పుడు మా నాగావళి ఎండాకాలంలో ఉన్నట్టుంది, మడుగులు మడుగులుగా. వంతెన కింద నీడలో కారాపుకున్నాం. ఒక ఆదివాసీ ఆవిడ గాలం వేసుకుని కూర్చుంది. ఆ నది ఆవిడ జనానిది, మనమంతా ఆ తర్వాత వచ్చిన వాళ్ళమే.

లెన్ కత్తి తీసి తాడు కొయ్యడం చూసి, ఆవిడ దగ్గరికొచ్చింది. ఒక చక్రం చేతిలోకి తీసుకుని వాసన చూసి వెనక్కిచ్చేసింది.

"మా నాన్‌కి ఇలాంటిదే ఇచ్చేవాళ్ళు," అంది. "స్టేషన్‌లో బట్టలుతికేది. గొర్రెల స్టేషన్, వేల ఎకరాల ఫారం. పిండి, పంచదార, టీ ఆకు, ఒక కట్ట పొగాకు."

"జీతం?" అన్నాను నేను.

"అదే జీతం."

లెన్ కోస్తున్న కత్తి ఆపాడు. ఆవిడకి మా మీదేమీ కోపం లేదు. మళ్ళీ గాలం దగ్గరికెళ్ళి కూర్చుంది, నేనిచ్చిన పులిహోర తీసుకుంది, కారంగా ఉందని నవ్వింది. కానీ నాకు మాత్రం మనసు కలుక్కుమంది. నాట్ల రోజున తాతయ్య కూలి ఒడ్లతో పాటు పొగాకు కూడా పంచేవాడని, అంత మంచి ఆసామి చుట్టుపక్కల లేడని అమ్మమ్మ గొప్పగా చెప్పేది. అప్పటిదాకా నాకూ అది మంచితనంలాగే వినిపించేది. ఆ రోజు కారెక్కాక, వరిమడిలో నడుం వంచిన ఆ ఆడవాళ్ళ నోళ్ళే గుర్తొచ్చాయి. వాళ్ళల్లో ఎంతమంది అంగిళ్ళు పుండ్లు పడ్డాయో ఎవరు చూశారు? వాళ్ళకి డాక్టరు కొడుకులు లేరు.

కోబార్

ఇక్కడ నా గొప్ప కాస్త దిగింది. మోటెల్ ముందు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నప్పుడు, లెన్ నవ్వుతూ పైపు నా వైపు చాపాడు. అమ్మమ్మకి ఇవ్వబోయేది ఎలా ఉంటుందో తెలుసుకోవాలని నాకూ ఉంది. పైగా చుట్టలు కాల్చే వంశం, నాకేం భయం అనుకున్నాను.

"మింగకు. నోట్లోనే ఉంచి వదిలెయ్," అన్నాడు.

ఆ మాట పూర్తయ్యేలోపే నేను గట్టిగా లోపలికి పీల్చేశాను. ముందు గొంతు మండింది. తర్వాత కుర్చీ కదిలినట్టనిపించింది. ఆ తర్వాత ఒళ్ళంతా చెమటలు పట్టాయి, చేతులు చల్లబడ్డాయి, మోటెల్ వాళ్ళ గులాబీ మొక్క మొదట్లో మధ్యాహ్నం తిన్నదంతా కక్కేశాను. మోటెల్ ఆవిడ పరిగెత్తుకొచ్చింది. నన్ను చూసి జాలిపడి, పైపు చూసి మండిపడి, ఈ వయసులో ఆడపిల్లకి విషం పెడతావా అని లెన్‌ని ఉతికేసింది. ఆయన తల వంచుకుని, నాకు చక్కెర ఎక్కువేసిన టీ తెచ్చిచ్చాడు.

కళ్ళు తిరగడం తగ్గాక నాకు ఒకటే ఆలోచన. ఒక్క దమ్ముకి నేనిలా అయిపోతే, పుండున్న నోట్లో నిప్పు పెట్టుకుని అమ్మమ్మ దీన్ని ఎలా తట్టుకుంటుంది? సీసా తీసుకెళ్ళి చెత్తబుట్టలో పడేద్దామని లేచాను. మళ్ళీ కూర్చున్నాను. పడేస్తే ఆవిడ ఆపరేషన్‌కి రాదు. ఇస్తే ఆ విషం నా చేత్తో నేనే ఇచ్చినట్టు. ఇలా రెండు వైపులా కొట్టుకుని కొట్టుకుని నిద్రపోయాను.

మోరీ

భూమిలోంచి వేడినీళ్ళు వచ్చే ఊరు ఇది. ఆ నీళ్ళు కట్టిన తొట్లలో కీళ్ళనొప్పుల ముసలాళ్ళంతా మెడ దాకా మునిగి కూర్చుంటారు. మనవాళ్ళు పుణ్యతీర్థంలో మునిగినట్టే మౌనంగా కూర్చుంటారు గానీ, ఒడ్డున గంట కొట్టేవాడు, దక్షిణ అడిగేవాడు లేరు. లెన్ నీళ్ళలో దిగాడు. నేను గట్టు మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నాను.

మావయ్య ఫోన్ చేశాడు. "సోమవారం స్లాట్ ఇచ్చారు. రేపు ఈవెనింగ్ లోగా షి హాజ్ టు సే ఎస్. లేదంటే ఇంకెవరికో ఇచ్చేస్తారు. మళ్ళీ ఎప్పుడో తెలీదు. అప్పటికి చెయ్యడానికేమీ ఉండకపోవచ్చు. నీ మాట వింటుంది. ఎలాగోలా ఒప్పించవే."

"ఒప్పిస్తాను మావయ్యా," అన్నాను. ఎలా అన్నది ఆయన అడగలేదు.

లెన్ ఒడ్డుకొచ్చి తువ్వాలు కప్పుకున్నాడు. విషయం చెప్పాను. ఇవ్వనా, మాననా అని నేరుగా ఆయన్నే అడిగాను. చాలాసేపు తల తుడుచుకున్నాడు.

"నా భార్య జోన్ జన్మలో పొగ తాగలేదు," అన్నాడు. "ఊపిరితిత్తుల జబ్బుతోనే పోయింది. ముప్పై ఏళ్ళు ఆ ఇంట్లో నేనే కాల్చాను. ఆవిడ పోయాక ఒక సంవత్సరం మానేశాను. మళ్ళీ మొదలెట్టాను. నన్నడక్కు, లవ్."

ఎండకి తాడు బిరుసెక్కుతోందని ఆయన ఒక ఆపిల్ ముక్క కోసి సీసాలో వేశాడు. మా ఊళ్ళో అయితే బెల్లం నీళ్ళు చిలకరిస్తారని చెప్పాను. ఆయనకది నచ్చింది, ఈసారి అలా చేస్తానన్నాడు. అన్నాక ఇద్దరం సీసా వైపు చూశాం. ఈసారికి అందులో ఇంకేం మిగలదు.

టూవూంబా

ఊరు కొండ మీద. అందమైన తోటలు, తీర్చిన వీధులు, మనుషుల కన్నా కార్లే ఎక్కువ కనిపిస్తాయి. లెన్ నన్ను మావయ్యగారింటి ముందు దింపి, తాడు నుంచి జానెడు కోసి ఇచ్చి, చెల్లెలింటికి వెళ్ళిపోయాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

ఇంట్లో అమ్మమ్మ ఒక్కతే ఉంది. మావయ్య క్లినిక్‌లో, అత్తయ్య హాస్పిటల్ డ్యూటీలో. వెనక డెక్ మీద, అంటే చెక్కల వరండాలో, ఎండలో కూర్చుంది. సగానికి సగం అయిపోయింది మనిషి. నన్ను చూసి లేవబోయి కూర్చుండిపోయింది.

"తెచ్చినావా?" అంది. ఎలా ఉన్నావు, ఏం తిన్నావు, ఏమీ లేదు.

తాడు చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏటే ఇది, పొగాకా, పలుపా? ఎద్దుని కట్టుకోమన్నావా?"

"పొగాకే అమ్మమ్మా. ఇక్కడ దీన్ని కోసి పైపులో వేసుకుంటారు. కత్తి తెస్తానుండు."

"కత్తేటి? ఆకుని కోత్తారేటి, సచ్చిపోదూ?" ముక్కు దగ్గర పెట్టుకుంది. చాలాసేపు అలాగే ఉంచుకుంది. "ఆకు మంచిదే. ఎవులో బాగా మాగబెట్టినారు. బెల్లం తగల్లేదు, అంతే."

తర్వాత ఆవిడ చేసిన పని లెన్ చూసి ఉండాల్సింది. తాడు కొస పట్టుకుని పురికి ఎదురు తిప్పింది. మెల్లగా, ఒక్కో పురి విప్పుకుంటూ వచ్చింది. నల్లగా ముడుచుకున్న ఆకులు ఒక్కోటీ విడిపడ్డాయి. మోకాలి మీద పరిచి అరచేత్తో సాపు చేసింది. ఈనెలు గోటితో లాగి పారేసింది. తడి పోవాలని డెక్ కమ్మీ మీద ఎండకి పెట్టింది. అవి ఎండేదాకా నాకు తల దువ్వింది. ఆపరేషన్ మాట ఆవిడా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆరిన ఆకుల్ని తొడ మీద దొర్లించి చుట్ట చుట్టి, చీర అంచులోంచి దారం పీకి కట్టింది.

"ముట్టించు," అంది.

వంటింట్లో స్టవ్ మీద ముట్టించాను. స్మోక్ అలారం కుయ్యోమని మొత్తుకుంది. తువ్వాలు ఊపుతూ పరిగెత్తుకొచ్చి, చిన్నప్పటిలాగే తిప్పి, చల్ల చివర నా వేళ్ళకి వచ్చేలా పట్టుకుని ఇచ్చాను. ఆవిడ నిప్పుని లోపలికి తీసుకుని నోరు మూసింది.

కళ్ళలోంచి నీళ్ళు జలజలా కారాయి.

"నొప్పా? తీసెయ్ అమ్మమ్మా, చాలు."

వద్దన్నట్టు చెయ్యి ఊపింది. ముక్కుల్లోంచి సన్నగా పొగ వదిలింది. నేనక్కడే కింద కూర్చుని ఆవిడ పాదాలు పట్టుకున్నాను. నాకు భయంగా ఉంది. ఆవిడ మొహంలో మాత్రం నేను ఎన్నో ఏళ్ళుగా చూడని నెమ్మది ఉంది.

మావయ్య ఆ రోజు తొందరగా వచ్చేశాడు. వాకిట్లోనే వాసన పట్టేసినట్టున్నాడు, బూట్లతోనే డెక్ మీదికొచ్చాడు.

"వాట్ ఈజ్ దిస్? ఎవరిచ్చారు? నువ్వా? నీకు బుద్ధుందా అసలు? నాలుగు నెలల్నుంచి ఐయామ్ బెగ్గింగ్ హర్..."

అమ్మమ్మ చుట్ట తీసింది. "ఒరే, కేకలెయ్యకు. దాన్నేటీ అనకు, నానే తెమ్మన్నాను." ఊపిరి తీసుకుంది. "ఫోన్ సేసి సెప్పు. సోమారం వత్తానని సెప్పు."

మావయ్య కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు.

అమ్మమ్మ చుట్ట చివరి నిప్పుని చెక్కకేసి నలిపి ఆర్పింది. సగం మిగిలింది. దాన్ని కొడుకు వైపు చాపింది.

"ఇది దాసుంచు. ఆసుపత్రి నుండి వొచ్చినాక కాల్సుకుంటాను."

అంగిలి ఉండదు. దాని బదులు ప్లాస్టిక్ పలక ఒకటి బిగిస్తారు. ఇంక ఆ నోట్లో నిప్పు పెట్టడమన్నది జరిగేది కాదు. ఆ సంగతి మా ఇద్దరిలో మావయ్యకి బాగా తెలుసు. రోగులకి ఉన్నది ఉన్నట్టు చెప్పే డాక్టరని ఆయనకి ఊళ్ళో పేరు. ఆయన ఆ సగం చుట్ట అందుకుని, నుసి దులిపి, చొక్కా జేబులో కలం పక్కన పెట్టుకున్నాడు.

"సరేనమ్మా," అన్నాడు. "వచ్చాక కాల్చుకుందువు గాని."

తిరిగొచ్చాక

సోమవారం ఆపరేషనయింది. ఆ వారం నేనక్కడే ఉండి, లెన్‌తో అదే దారిన వెనక్కొచ్చాను. వచ్చేటప్పుడు కోబార్‌లో ఆగలేదు, ఆ మోటెల్ ఆవిడకి భయపడి. అమ్మమ్మ తాడు పురి విప్పిన సంగతి చెబితే, లెన్ కారు పక్కకి ఆపి మరీ మళ్ళీ చెప్పించుకున్నాడు. ఇన్నేళ్ళలో అది విప్పొచ్చని తనకి తోచనే లేదన్నాడు.

కొన్ని వారాల తర్వాత, లెన్ వంటింట్లో టీ తాగుతుంటే వీడియో కాల్ వచ్చింది. అమ్మమ్మ తెర మీద ఉంది, పక్కన మావయ్య. ఆవిడ మాట ఇంకా ఎవరికీ తెలియట్లేదు, అంతా ముక్కులోంచి వస్తోంది. నేను తిన్నావా అంటే తలూపింది. తర్వాత మావయ్య వైపు తిరిగి, ఆయన జేబు మీద వేలితో పొడిచింది.

మావయ్య నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. ఆయన జేబులోంచి ఆ సగం చుట్ట తీసి తల్లి చేతిలో పెట్టాడు. ఇన్నాళ్ళూ ఏ చొక్కా తొడుక్కున్నా అందులోకి మారుస్తూనే ఉన్నట్టున్నాడు, దారం వదులైపోయింది.

అమ్మమ్మ దాన్ని నోటి దాకా తీసుకెళ్ళలేదు. ముక్కు దగ్గర పెట్టుకుంది. వాసన తెలిసిందో లేదో నాకు తెలీదు. వదులైన దారాన్ని మళ్ళీ బిగించి కట్టి, చుట్టని తన చేత్తోనే కొడుకు జేబులో పెట్టి, జేబు మీద రెండుసార్లు తట్టింది.

"ఏమంటోంది?" అని అడిగాడు లెన్.

ఏమీ అనలేదని చెప్పాను. ఆయన సీసా మూత తీసి లోపలికి చూసి, మళ్ళీ మూత పెట్టేసి, నాకు ఇంకో కప్పు టీ పోశాడు.